పొలం పంపు నుంచి పుట్టిన వేడినీళ్ల తొట్టి

యాసంగి నాట్లు మొదలయ్యాయంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో మోటారు వైండింగ్ దుకాణాలకు తీరిక ఉండదు. బోర్లలోంచి లాగిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు, ఓపెన్‌వెల్ పంపులు, బురద ఆరని కేబుళ్లు దుకాణం ముందు వరుస కడతాయి. లోపల ఒకరు కాలిన చుట్లను కోసి తీస్తుంటే, మరొకరు కొత్త రాగి తీగను లెక్కపెట్టి చుడుతుంటారు. వాటి మధ్యకు ఒక హాట్ టబ్ పంపు వచ్చే రోజు చాలా అరుదు. వచ్చినా దాన్ని విప్పిన మెకానిక్‌కు అందులో కొత్త వస్తువేదీ కనిపించదు. స్టేటర్, రోటర్, రెండు బేరింగులు, ఒక కండెన్సర్, నీరు మోటారులోకి రాకుండా ఆపే మెకానికల్ సీలు, ముందు భాగంలో ఇంపెల్లర్. పొలంలో పారే నీటిని తోసేదీ ఇదే సరంజామా.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. జకూజీ అనే పేరు ఇవాళ విలాసవంతమైన హోటళ్లను గుర్తుచేస్తుంది గానీ, ఆ పేరు గల కుటుంబం చాలాకాలం బతికింది వ్యవసాయ పంపుల మీద. ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన జకూజీ అన్నదమ్ములు 1915లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో విమానాల ప్రొపెల్లర్లు చేయడం మొదలుపెట్టారు. 1921లో వాళ్ల విమానం కూలి సోదరుల్లో ఒకరైన జొకొండో కూడా చనిపోయాక, కుటుంబం విమానాలు వదిలేసి నీటి పంపుల వైపు మళ్లింది. 1926 నాటికి బావుల కోసం జెట్ పంపు తయారుచేసింది. 1940లలో కాండిడో జకూజీ కొడుకు కెన్నెత్‌కు పసితనంలోనే కీళ్లవాతం వచ్చింది. ఆసుపత్రిలో చేసే నీటి చికిత్స బిడ్డకు ఇంట్లోనే అందాలని ఆ తండ్రి, స్నానపు తొట్టిలో దించి నడిపే చిన్న పంపును తయారుచేయించాడు. అదే 1956లో జె-300 పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1968లో రాయ్ జకూజీ ఆ పంపును, జెట్లను తొట్టి గోడలోనే అమర్చాడు. హాట్ టబ్ వంశవృక్షం వేరు బావిలో ఉందన్నమాట.

జెట్ మోటారు సంగతి తెలంగాణ రైతుకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. సబ్‌మెర్సిబుల్ మోటార్లు అందరికీ అందుబాటులోకి రాకముందు లోతు బావుల్లో, బోర్లలో అదే దిక్కు. పైనుంచి పీల్చే పంపు ఎంత బలమైనదైనా నీటిని సుమారు 10 మీటర్లకు మించి లాగలేదు. లాగేది నిజానికి పంపు కాదు, బావిలోని నీటిని కిందినుంచి తోసే వాతావరణ పీడనం. దాని బలం అంతే. జెట్ పంపులో కొంత నీటిని మళ్లీ లోపలికి పంపి సన్నటి నాజిల్ గుండా చిమ్ముతారు. నీటి వేగం పెరిగిన చోట పీడనం పడిపోతుంది, చుట్టూ ఉన్న నీరు అక్కడికి దూసుకొస్తుంది. 1738లో డేనియల్ బెర్నూలీ రాసిన సూత్రమూ, 1797లో వెంచూరి వివరించిన ఇరుకు గొట్టమూ కలిసి చేసే పని ఇది. టబ్బు గోడలోని జెట్‌లో పీడనం పడిన చోటికి వచ్చి చేరేది గాలి. నీరూ గాలీ కలిసి వీపు మీద కొట్టే ఆ ధార, బావిలో జెట్ చేసే పనికి సొంత తమ్ముడు.

కాబట్టి పాత టబ్బును బాగుచేయడానికి కావలసిన చేతులు ఈ మూడు పట్టణాల్లోనూ ఉన్నాయి. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఇక్కడి బోరు నీటితో ఆ టబ్బు ఎన్నాళ్లు బతుకుతుందన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు ముందు కొనుగోలు సంగతి. పాత టబ్బును సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు మెరుపు చూస్తారు. ముందు చూడాల్సింది మోటారు మీది రేకు. అందులో వోల్టుల పక్కన 50 హెర్ట్జ్ అని ఉందా, 60 అని ఉందా? మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా కోసం చేసిన యంత్రాలు 60 హెర్ట్జ్‌వి. గల్ఫ్‌తో ఇంత అనుబంధం ఉన్న ప్రాంతంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. దుబాయ్, ఖతర్, కువైట్, ఒమన్‌లలో 50 హెర్ట్జ్ నడుస్తుంది, సౌదీ అరేబియాలో మాత్రం 60. సౌదీ నుంచి తెచ్చుకున్న మోటారు సామాను ఇక్కడ ఎందుకు వేడెక్కుతుందో చాలామందికి అర్థం కాదు. కారణం అదే.

60 హెర్ట్జ్ మోటారును అదే వోల్టేజీతో 50 మీద నడిపితే రెండు జరుగుతాయి. వేగం ఆరింట ఐదు వంతులకు తగ్గుతుంది. పంపుల్లో నీటి పరిమాణం వేగాన్ని బట్టి, పీడనం వేగం వర్గాన్ని బట్టి మారుతాయి. అంటే నీరు 83 శాతానికి, పీడనం 69 శాతానికి పడిపోతాయి. జెట్ ధార నీరసంగా ఉంటుంది. రెండోది ఇంతకంటే చెడ్డది. హెర్ట్జ్ తగ్గితే ఇనుప కోర్‌లో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరగాల్సి వస్తుంది. కోర్ అంత భరించలేక సంతృప్తమవుతుంది, మోటారు ఉత్తపుణ్యానికే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. వైండింగ్ మేస్త్రీ చేతిలో దీనికి మందు ఉంది. చుట్ల సంఖ్యను 20 శాతం పెంచి, స్లాటులో పట్టేలా తీగను ఆ మేరకు సన్నం చేస్తే అయస్కాంత ప్రవాహం మళ్లీ దారికొస్తుంది. కండెన్సర్ విలువ కూడా మార్చాలి. తగ్గిన వేగం మాత్రం తిరిగి రాదు. మళ్లీ పూర్తి ధార కావాలంటే మోటారును మార్చి, కోయంబత్తూరులోనో అహ్మదాబాద్‌లోనో తయారైన 50 హెర్ట్జ్ పంపు పెట్టుకోవడమే మేలు.

మోటార్లు కాలడం వెనక ఉన్న లెక్క కూడా ఒకటి చెప్పుకోవాలి. రాగి తీగ మీది ఎనామిల్, వార్నిష్ పూతలు వేడికి మెల్లగా ముసలివవుతాయి. పని చేసే ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్లు దాదాపు వందేళ్లుగా వాడుతున్న సూత్రం. జగిత్యాలలో మే నెలలో గాలే 45 డిగ్రీలు దాటుతుంది. అలాంటి ఎండలో, చుట్టూ ఫోమ్ కుక్కిన ఇరుకు అరలో మోటారు పెడితే వేడి బయటికి పోయే దారి ఉండదు. అందుకే ఇక్కడ బాగుచేసే టబ్బుకు పక్క పలకలో గాలి చిల్లులు పెట్టాలి, లేదా పంపును అరలోంచి తీసి నీడలో విడిగా అమర్చాలి. తిరిగి కట్టేటప్పుడు 155 డిగ్రీలు తట్టుకునే ఎఫ్ తరగతి ఇన్సులేషన్ అడగాలి. ఖర్చులో తేడా కొద్దిగానే ఉంటుంది, మోటారు మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఇక నీళ్లు.

ఈ ప్రాంతమంతా పాత గ్రానైటు, నైసు రాళ్ల మీద కూర్చుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి శిలలను కరీంనగర్ గ్రాన్యులైట్ అనే ప్రత్యేకమైన పేరుతోనే చదువుతారు. ఈ రాళ్లలో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని, నేలలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన వాన నీరు వేల ఏళ్లుగా కరిగిస్తూ ఉంటుంది. అలా నీటిలోకి కాల్షియం చేరుతుంది. పొడి వాతావరణంలో నేలపొరల్లో గట్టిపడే సున్నపు గడ్డలు ఇంకాస్త జోడిస్తాయి. సబ్బు నురగ రాని నీళ్లు, పప్పు ఉడకని నీళ్లు అని ఇళ్లలో చెప్పేది ఈ కాల్షియం, మెగ్నీషియంల గురించే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కఠినత్వం హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకని చోట 600 దాకా సర్దుకోవచ్చు. హాట్ టబ్బుకు కావలసిన కాల్షియం కఠినత్వం మాత్రం 150 నుంచి 250 మధ్య. చాలా బోర్లు ఈ గీత దాటుతాయి.

గిన్నెలో కాచిన నీళ్ల అడుగున తెల్లటి పొర ఎలా పడుతుందో, టబ్బు హీటరు మీదా అలాగే పడుతుంది. నీటిలో కాల్షియం బైకార్బనేట్‌గా కరిగి ఉంటుంది. వేడి తగలగానే అది బొగ్గుపులుసు వాయువును వదిలి కాల్షియం కార్బనేట్‌గా, అంటే సున్నపురాయిగా మారి గట్టిపడుతుంది. విచిత్రం ఏమిటంటే పంచదారలా కాకుండా ఈ పదార్థం నీరు వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకే టబ్బులో అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే హీటరు కాయిల్ మీదే ముందు పేరుకుంటుంది. హాట్ టబ్బుకు దీనికి తోడు ఇంకో కష్టం ఉంది. జెట్లు నీటిలోకి గాలిని కలిపి, కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువును తరిమేస్తాయి. నీటి పీహెచ్ పైకి పోతుంది, సున్నం ఇంకా త్వరగా గడ్డకడుతుంది. కాబట్టి టబ్బుకు సున్నం బెడద ఎక్కువ. లీటరుకు 500 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న బోరు నీటితో వెయ్యి లీటర్ల టబ్బు నింపితే, అందులో సుమారు అరకిలో సున్నానికి సరిపడా సరుకు ఉన్నట్టే. అంతా ఒక్కసారే పడదు. కానీ ఆవిరైన నీటి స్థానంలో మళ్లీ బోరు నీరే పోస్తే, నీళ్లు పోయి ఉప్పులు మిగులుతాయి, లెక్క పెరుగుతూనే ఉంటుంది.

పాత టబ్బు హీటరును విప్పితే కనిపించే ఆ పెంకును సుత్తితో కొట్టి రాల్చడం వెంటనే మానుకోవలసిన అలవాటు. కాయిల్ పైతొడుగు పగిలితే నీటిలోకి కరెంటు వస్తుంది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, దీనికి సరైన మందు. లీటరు నీటికి 20 నుంచి 30 గ్రాములు కలిపి కాయిల్‌ను నానబెడితే బుడగలతో పెంకు కరిగిపోతుంది. మరిగే నీటిలో కలిపితే త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు. కాల్షియం సిట్రేట్ వేడినీటిలో తక్కువ కరుగుతుంది, తెల్లటి బురదగా అక్కడే నిలుస్తుంది. గోరువెచ్చని నీరు చాలు. బాత్‌రూమ్ యాసిడ్ వాడితే పని వేగంగా అయినట్టు కనిపిస్తుంది గానీ, అందులోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలుకు సన్నటి గుంటలు పెడుతుంది. ఇంకో ముఖ్యమైన మాట: యాసిడ్ ఏదైనా సరే, బ్లీచింగ్ పౌడర్‌తో కలవకూడదు. కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు, మూసిన గదిలో అది ప్రాణాంతకం.

మిషన్ భగీరథ పైపులో వచ్చే నీరు జలాశయాలది. బోరు నీటి కంటే సాధారణంగా మెత్తన. తాగడానికి ఉద్దేశించిన నీటిని టబ్బుకు వెయ్యి లీటర్లు మళ్లించడం సబబా అన్నది ఇంటివాళ్లు ఆలోచించుకోవలసిన సంగతి. ఎండాకాలంలో అయితే కాదనే చెప్పాలి. అంతకంటే మంచి దారి వాన నీరు. డాబా మీద కురిసిన వానను వడకట్టి సంపులో దాచితే దాదాపు కఠినత్వం లేని నీరు చేతిలో ఉన్నట్టు. దాన్ని సగానికి సగం బోరు నీటితో కలిపితే 500 ఉన్న కఠినత్వం 250కి దిగుతుంది. అచ్చంగా మెత్తటి నీరు పోయడమూ మంచిది కాదు. ఆకలిగొన్న ఆ నీరు హీటరులోని రాగిని కొద్దికొద్దిగా తినేస్తుంది.

సున్నం కంటికి కనిపిస్తుంది. కనిపించని దాని గురించి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది టబ్బు కాదు, మనుషులు. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లు వింత న్యుమోనియాతో పడిపోయారు. 34 మంది చనిపోయారు. 1977 ఆరంభంలో జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రజ్ఞుడు దాని వెనక ఉన్న బ్యాక్టీరియాను కనిపెట్టాడు. దానికి లీజియొనెల్లా అని పేరు పెట్టారు. గోరువెచ్చని నీరు దానికి బాగా ఇష్టం. 25 నుంచి 45 డిగ్రీల మధ్య చక్కగా పెరుగుతుంది. హాట్ టబ్ నీరు సరిగ్గా ఆ నడుమే ఉంటుంది. 1999 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్పెల్ పూల ప్రదర్శనలో ఒక హాట్ టబ్‌ను జనానికి చూపించడానికి నడిపారు. అందులో స్నానం చేసినవాళ్లు లేరు. పక్కనుంచి నడిచివెళ్లిన జనం నీటి తుంపరను పీల్చారు. 300 మందికి పైగా జబ్బుపడ్డారు, కనీసం 32 మంది మరణించారు.

సెకండ్‌హ్యాండ్ టబ్బు విషయంలో ఈ ఉదంతం ఇంకా దగ్గరగా తగులుతుంది. నెలల తరబడి వాడకుండా పడేసిన టబ్బులో అడుగున నీరు తీసేసినా, గోడల వెనక మెలికలు తిరిగే పైపుల్లో కొంత మిగిలిపోతుంది. అక్కడ సూక్ష్మజీవులు జిగట పొర కట్టుకుని కూర్చుంటాయి. ఆ పొర లోపలి దాకా క్లోరిన్ అంత తేలిగ్గా వెళ్లదు. అందుకని కొత్తగా తెచ్చిన పాత టబ్బును నింపి, క్లోరిన్ మోతాదు బాగా పెంచి, మనుషులెవరూ దగ్గర లేకుండా అన్ని జెట్లనూ నడిపి, ఆ నీరంతా పారబోసి, మళ్లీ నింపి అదే పని చేయాలి. పాత ఫిల్టరు కాట్రిడ్జ్‌ను కడిగి వాడుకుందామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు. అదీ పాలియెస్టరే, సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద నడిచే గుడ్డా పాలియెస్టరే. కానీ ఫిల్టరు గుడ్డ నేసినది కాదు, దారపు పోగులను అడ్డదిడ్డంగా ఒత్తి చేసినది. ఆ సందుల్లో చిక్కిన మురికి పూర్తిగా వదలదు.

రోజువారీ వాడకంలో నీటిలో క్లోరిన్ కనీసం లీటరుకు 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతుంది. పీహెచ్ పెరిగితే క్లోరిన్ ఉన్నా పనిచేయదు, చంపే శక్తి గల రూపం తగ్గిపోతుంది. పంచాయతీలు బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్‌లో కాల్షియం ఉంటుంది. అసలే కఠినమైన నీటికి అది ఇంకాస్త సున్నం కలుపుతుంది. ద్రవరూపంలో వచ్చే సోడియం హైపోక్లోరైట్ ఇక్కడి నీటికి నప్పుతుంది. అది పీహెచ్‌ను కొద్దిగా పెంచుతుంది కాబట్టి పరీక్ష పట్టీలతో చూస్తూ సరిచేసుకోవాలి.

తొట్టి శరీరం సంగతి తొందరగా చెప్పేయవచ్చు. పైన యాక్రిలిక్ పలక, దాని వెనక గాజుపీచును రెసిన్‌లో తడిపి వేసిన పొర. వినాయక విగ్రహాలు చేసేవాళ్లు ప్లాస్టర్‌కు కొబ్బరి పీచు ఎందుకు కలుపుతారో తెలిసినవాళ్లకు ఈ కిటుకు తెలిసినట్టే: పెళుసు పదార్థం పగలబోతే పోగు పట్టి ఆపుతుంది. పగులును వెనకవైపు నుంచి కొత్త గాజుపీచుతో అతికించాలి, ముందువైపు పూత అందానికే. లీకు ఎక్కడుందో తెలియకపోతే టబ్బు నింపి వదిలేయడమే. నీటి మట్టం ఏ ఎత్తున ఆగిపోతే లీకు ఆ ఎత్తులో ఉంది.

టబ్బును డాబా మీద పెట్టాలన్న ఉబలాటం చాలామందికి ఉంటుంది. లెక్క చూడాలి. వెయ్యి లీటర్ల నీరంటే ఒక టన్ను. టబ్బు బరువు, నలుగురు మనుషులు కలిపితే టన్నున్నర. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న స్థలంలో అది చదరపు మీటరుకు 375 కిలోలు. ఇళ్ల గదుల స్లాబును భారత ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల అదనపు బరువుకే లెక్కగడతారు. డాబాకు ఇంకా తక్కువ. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పేదాకా టబ్బు నేల మీద, గట్టి కాంక్రీటు దిమ్మె మీదే ఉండాలి.

కరెంటు ఖర్చు విషయంలో భౌతికశాస్త్రం ఎవరినీ క్షమించదు. చలికాలంలో 20 డిగ్రీలున్న వెయ్యి లీటర్లను 38 డిగ్రీలకు తేవాలంటే 21 యూనిట్లు కావాలి. 3 కిలోవాట్ల హీటరు ఏడు గంటలు పనిచేయాలి. ఇంటి మీటరుకు మంజూరైన లోడు చాలకపోతే విద్యుత్తు సంస్థ దగ్గర పెంచుకోవాలి. ఒకసారి వేడెక్కాక నష్టం ఎక్కువగా ఆవిరి రూపంలోనే. ఒక్క లీటరు ఆవిరైతే సుమారు మూడింట రెండు వంతుల యూనిట్ వేడి పట్టుకుపోతుంది. అందుకే మందపాటి ఫోమ్ మూత లేని టబ్బును బాగుచేసి లాభం లేదు. ఈ ప్రాంతపు ఎండకు సోలార్ వాటర్ హీటరు జోడిస్తే పగటిపూట ముందుగానే నీటిని చాలా వరకు వేడిచేసుకోవచ్చు, కరెంటు హీటరుకు మిగిలేది చివరి కొన్ని డిగ్రీలే.

నీరూ కరెంటూ ఒకే చోట ఉన్నప్పుడు పొదుపు పేరుతో వదిలేయకూడనివి రెండు. నేలలో సరిగ్గా తవ్వి కట్టిన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా కోసేసే ఆర్‌సీసీబీ. పాత హీటరును అమర్చే ముందు మల్టీమీటరు చూపే రెసిస్టెన్స్ లెక్కకు సరిపోవాలి. 230 వోల్టుల మీద 3 కిలోవాట్లు అంటే సుమారు 17.6 ఓమ్‌లు. ఆపై మెగ్గర్‌తో కాయిల్‌కూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపితే ఆ హీటరు తుక్కు కిందే లెక్క. ఊళ్లో వైండింగ్ దుకాణాల్లో మెగ్గర్ ఉంటుంది, తెలిసినవాళ్ల చేత చూపించుకోవడానికి పెద్ద ఖర్చు కాదు.

అన్నీ అమరాక నీటి వేడి 40 డిగ్రీలు దాటనివ్వకూడదు. వేడికి చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని రక్తపోటు పడిపోతుంది, లేవగానే తల తిరుగుతుంది. పదిహేను నిమిషాలు చాలు. గర్భిణులు, గుండె జబ్బులున్నవారు డాక్టరును అడగాలి, చిన్న పిల్లలను దించకూడదు. రోజంతా సాంచాల నడుమ నిలబడి పనిచేసేవారికి, వంగి కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు నడుం నొప్పి ఎలాంటిదో ఈ పట్టణాలకు బాగా తెలుసు. వేడినీళ్లు బిగిసిన కండరాలను సడలిస్తాయి, ఛాతీ దాకా నీటిలో మునిగితే శరీరం తన బరువులో నాలుగింట ఒక వంతు దాకానే కాళ్ల మీద మోస్తుంది. నొప్పికి కారణాన్ని మాత్రం నీరు తీయలేదు.

కొన్ని నెలలకోసారి నీరంతా మార్చక తప్పదు. తీసిన వెయ్యి లీటర్లను మురికికాలువలో పోయనక్కర్లేదు. మూత తీసి రెండు మూడు రోజులు ఎండలో వదిలేస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది. పరీక్ష పట్టీ సున్నా చూపాక ఆ నీటిని కొబ్బరి చెట్ల పాదులకు పెట్టుకోవచ్చు. ఉప్పు కొంత తట్టుకునే చెట్లవి. పసుపు మళ్లకూ, నారుమళ్లకూ మాత్రం పెట్టకూడదు.